అప్‌డేట్: భూమి పైపెంకు ఎలా ఏర్పడిందని అడిగాను కదా

"కరిగిన భూమి చల్లారుతుంటే పైన తెట్టు కట్టినట్టు పెంకు గట్టిపడిందా?" అని పోయిన వారం అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. అవి పట్టుకుని మరికొంత చదివాను.

నా ఊహ చంద్రుడికి బాగా సరిపోతుందట! అక్కడ శిలాద్రవ (కరిగిన రాతి) సముద్రంలో తేలికైన ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు స్ఫటికాలు పైకి తేలి తెల్లటి పెంకు అయ్యాయి. భూమి మీద మాత్రం ఆ తొలి పెంకు మిగల్లేదు.

నేను చేసిన అసలు తప్పు పెంకంతా ఒకటే అనుకోవడం. సముద్రాల అడుగున ఉన్నది సుమారు 7 కిలోమీటర్ల మందం బసాల్ట్ (నల్లటి లావా రాయి) పొర. పెంకు కింద ఉండే మాంటిల్ అనే వేడి రాతి పొర పైకి లేచేటప్పుడు ఒత్తిడి తగ్గి కొంత కరుగుతుంది, దాంతో ఇది ఇప్పటికీ తయారవుతూనే ఉంది. వేడి పెరగకుండానే రాయి కరగడం నాకు ఇంకా వింతగానే ఉంది. ఖండాల పెంకు వేరు: సగటున 35-40 కిలోమీటర్ల మందం, గ్రానైట్ లాంటి తేలికైన రాళ్లు. నీరు చేరిన బసాల్ట్ లోతుల్లో మళ్లీ కొంత కరిగితేనే అలాంటి శిలాద్రవం పుడుతుంది.

ఆ బసాల్ట్ లోతుకు ఎలా వెళ్లిందన్న దగ్గరే గొడవ. ఫలకాలు (భూమి పైపొర పెద్ద ముక్కలు) ఒకదాని కిందికి మరొకటి దూరడం వల్లని కొందరు, మందపాటి లావా గుట్టల అడుగు కరిగిందని ఇంకొందరు. రెండూ జరిగి ఉంటాయని నాకనిపిస్తోంది. పశ్చిమ ఆస్ట్రేలియా జాక్ హిల్స్‌లో దొరికిన 440 కోట్ల ఏళ్ల జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు వీటిలో ఏ దారిని సూచిస్తాయన్న దాని మీద కూడా వాదన తెగలేదు.