గోదావరి కాలువల పడవల పాత రిజిస్టర్లు ఎక్కడ చూడాలి?

అందరికీ నమస్కారం. మా ముత్తాత తాళ్ళరేవు దగ్గర పడవలు కట్టిన వడ్రంగి. ఆయన గుర్తుగా మా ఇంట్లో రెండే మిగిలాయి: పిడి అరిగి నున్నబడ్డ బాడిస, అట్ట ఊడిన ఖాతా పుస్తకం. అందులో అన్నీ మూరల్లో, జానల్లో లెక్కలు. టేకు పలకలు, ఇనుప మేకులు, దూది, గుగ్గిలం. ఒక పేజీలో మాత్రం "ధవళేశ్వరం లాకు, నంబరు 214" అని ఉంది (లాకు అంటే పడవలు దాటడానికి కాలువలో నీటిమట్టం మార్చే తలుపుల కట్టడం). పక్కనే సిరా మరక, తేదీ దాని కింద పోయింది.

కోరంగి రేవు ఓడల గురించి, అక్కడి 1839 తుఫాను గురించి చాలామంది రాశారు. నాకు కావలసింది ఆ తర్వాతి సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల్లో బియ్యం, ఉప్పు, మనుషుల్ని మోసిన పడవలు, గట్టు మీద నడుస్తూ తాడుతో లాగిన మనుషులు. 1890 నాటి మద్రాసు చట్టం కింద కాలువ పడవలకు లైసెన్సులు ఇచ్చేవారు. ఆ 214 లైసెన్సు నంబరేమో అని నా అనుమానం.

ఒక ఆఫీసుకు వెళ్తే "పాతవన్నీ చెదలు తినేశాయండీ" అని టీ ఇచ్చి పంపేశారు! టీ బాగుంది.

చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో గోదావరి జిల్లా పబ్లిక్ వర్క్స్ ఫైళ్ళు ఎవరైనా తిరగేశారా? లాకుల దగ్గర రాసిన పడవల రిజిస్టర్లు కంటబడ్డాయా? ఏ శాఖ పేరుతో అడగాలి, ఫొటోలు తీసుకోనిస్తారా? వచ్చే నెల నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్తున్నాను. ఖాతా పేజీల ఫొటోలు అడిగితే పంపిస్తాను.