సాక్స్-వైమర్ బెర్న్‌హార్డ్: అసలు ఇతను ఎవరి మనిషి?

హనుమకొండ_రీడర్:
నెట్ పరీక్షకు ముప్పై ఏళ్ల యుద్ధం (1618–48) చదువుతూ ఈ మనిషి దగ్గర ఆగిపోయాను. పుట్టింది జర్మన్ డ్యూకుల ఇంట్లో. 1622లో కిరాయి సేనాని మాన్స్‌ఫెల్డ్ సైన్యంలో కనిపిస్తాడు, తర్వాత డెన్మార్క్ రాజు కొలువు, ఆపైన స్వీడన్, చివరికి ఫ్రాన్స్. పోరాడిందంతా చక్రవర్తి మీదే. మా రూమ్మేట్ ‘పక్కా ద్రోహి’ అని తేల్చేశాడు. అంతేనంటారా?

కాజీపేట_జంక్షన్:
ద్రోహి అనాలంటే ముందు దేశమంటూ ఒకటుండాలి కదా తమ్ముడూ. అప్పుడున్నది పవిత్ర రోమన్ సామ్రాజ్యం, వందల సంస్థానాల కుప్ప. చక్రవర్తి కేథలిక్, ఇతను ప్రొటెస్టెంట్. పైగా పదకొండో కొడుకు! మన దగ్గర నలుగురన్నదమ్ములు పంచుకుంటేనే ఎకరం గుంటల్లోకి వస్తుంది, పదకొండో వాడికి కత్తి తప్ప ఏం మిగులుతుంది? 1632లో లూట్జెన్ దగ్గర పొగమంచులో స్వీడన్ రాజు గుస్టావస్ అడాల్ఫస్ చచ్చిపోయాడు, రౌతు లేని గుర్రం చూసి సైన్యం బెదిరింది. అప్పుడు పగ్గాలు పట్టి పొద్దుగూకేదాకా కొట్లాడించింది ఇతనే, 28 ఏళ్ల వయసులో.

చెరువుకట్ట:
మతం సరే, పైసల సంగతి ఎవరూ చెప్పరేం? స్వీడన్ వాళ్లు 1633లో జర్మనీలోని ఫ్రాంకోనియా ప్రాంతం రాసిచ్చారు, మరుసటి ఏడాదే నోర్డ్‌లింగెన్‌లో చిత్తుగా ఓడితే అదీ పోయింది. 1635లో ఫ్రాన్స్‌తో ఒప్పందం: ఏటా 40 లక్షల లివ్రలు (అప్పటి ఫ్రెంచి డబ్బు) ఇస్తారు, ఇతను 18,000 మంది సైన్యాన్ని నడపాలి. ఆ రోజుల్లో దండు నడపడమంటే గుత్త పని అన్నా. మా నాన్న రోడ్డు పనులు పడతాడు కాబట్టి నాకు వెంటనే అర్థమైంది, మనుషుల్ని తెచ్చుకునేదీ కూలీ ఇచ్చేదీ మనమే. బిల్లు ఆలస్యమైతే మా నాన్న మిత్తికి తెస్తాడు, వీళ్లు ఊళ్ల మీద పడేవాళ్లు.

హనుమకొండ_రీడర్:
మరి బ్రైజాఖ్ కోట గెలిచి ఫ్రాన్స్‌కు ఇవ్వలేదట కదా?

చెరువుకట్ట:
మజా అంతా అక్కడే ఉంది. 1638లో రైన్‌ఫెల్డెన్ దగ్గర ముందు దెబ్బతిని, మూడు రోజులకే తిరిగొచ్చి శత్రు సేనాని యోహాన్ ఫాన్ వెర్త్‌నే పట్టేశాడు. డిసెంబరులో బ్రైజాఖ్ లొంగింది, లోపలివాళ్లు అప్పటికే ఎలుకలు తింటున్నారు. ఫ్రాన్స్ ముఖ్యమంత్రి రిషెల్యూ కోట అడిగితే ఇవ్వనన్నాడు, రైన్ నది ఒడ్డున సొంత రాజ్యం కావాలని ఆశ. 1639 జూలైలో జ్వరంతో 34 ఏళ్లకే పోయాడు. అక్టోబరుకల్లా అతని ఆఫీసర్లు సైన్యాన్నీ కోటనూ ఫ్రాన్స్‌కు ఒప్పజెప్పి కొత్త ఒప్పందం రాసుకున్నారు.

కాజీపేట_జంక్షన్:
గుత్తేదారు అని కొట్టిపారేయకు. 1635లోనే చక్రవర్తికీ ప్రొటెస్టెంట్ సంస్థానాలకూ మధ్య ప్రాగ్ సంధి జరిగింది, ఇతని సొంత అన్న విల్‌హెల్మే ఆ చక్రవర్తితో రాజీ పడ్డాడు. సుఖమే కావాలంటే ఇతనూ పడేవాడు.