'అంటరాని వసంతం' తర్వాత ఏం చదవాలి, ఏం చూడాలి?

కొత్తపట్నం కోడలు (ఒంగోలు):
జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' పోయిన వారం పూర్తి చేశాను. ఆయన మన ప్రకాశం జిల్లా ఆయనే, నవల వచ్చింది 2000లో. ఇన్నాళ్లకు నా చేతికొచ్చింది. రూతు తన భర్త రూబేను వైపు తరాల కథంతా తలుచుకుంటూ ఉంటుంది. పాటలు కట్టే ఎల్లన్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇక కరువు. ఎల్లన్న కొడుకు శివయ్య, భార్య శశిరేఖతో కలిసి బకింగ్‌హామ్ కాలువ పనికి బయల్దేరతాడు. తట్ట మోస్తే ఇంత గంజన్నా దొరుకుతుందని ఆశ. అక్కడ కూడా కులం చూసి తరిమేస్తారు. తవ్వేది మట్టి, అందరి కడుపులోనూ ఆకలే, దాంట్లో కూడా మీరు వేరు అనడానికి నోరెట్లా వచ్చింది? పుస్తకం పక్కన పెట్టేశాను. ఆ రాత్రి మళ్లీ తెరవబుద్ధి కాలేదు.

మేం బీచ్‌కి పోయేది ఆ కాలువ మీదుగానే. 1876-78 కరువులో జరిగిన పనులు, మద్రాసులో అడయారును కూవంతో కలపడం, గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టడం, ఇవన్నీ పరీక్షలకు బట్టీ కొట్టినదాన్నే. మా అత్తమ్మని అడిగితే పడవల మీద ఉప్పు, కట్టెలు పోయేవని చెప్పింది. తవ్విన వాళ్ల సంగతి మాత్రం ఆమె పెద్దవాళ్లు కూడా చెప్పలేదంట.

ఇట్లా ఆకలి పడ్డవాళ్ల వైపు నుంచి చెప్పిన పుస్తకం గానీ సినిమా గానీ ఏదన్నా ఉంటే చెప్పండి. అయ్యో పాపం అనిపించి వదిలేసేవి వద్దు.

పెన్నగట్టు (నెల్లూరు):
అక్కా, 'ఒక ఊరి కథ' చూడండి. 1977లో మృణాల్ సేన్ తెలుగులో తీశారు, మూలం ప్రేమ్‌చంద్ కథ 'కఫన్'. వాసుదేవరావు వేసిన వెంకయ్య పని చెయ్యడు. ఎంత చేసినా లాభం ఆసామికేగా, నేనెందుకు చెయ్యాలంటాడు. మొదట్లో ఆ మాట నిజమే కదా అనిపిస్తుంది, మనం ఆయన పక్షానే ఉంటాం. కానీ ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నీలమ్మ ఒళ్లు వంచి ఇల్లు నడుపుతుంటే, ఆమె కష్టం మీద తండ్రీకొడుకులు తింటారు. ఆమె పురిటి నొప్పులు పడే దగ్గర నాకు వెంకయ్య మీద పట్టరాని కోపం వచ్చింది, అతన్ని అట్లా తయారుచేసిన ఊరి మీదా వచ్చింది. ఆ రెండు కోపాలూ ఇంకా పోలేదు. మమతా శంకర్ నీలమ్మగా ఎక్కువ మాట్లాడదు, చూపుతోనే చెప్తుంది.

పాతసినిమా:
'మాలపిల్ల' (1938) కూడా చూడండి. గూడవల్లి రామబ్రహ్మం తీశారు, కథ చలం గారిది. ఆ రోజుల్లో అది తియ్యడమే పెద్ద ధైర్యం.

కావలి కుర్రోడు:
అక్కా, వరసగా ఇంత బరువైనవి వద్దు. మధ్యలో మహమ్మద్ ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు' చదవండి. మా కావలి మనిషి. పేద ముస్లిం ఇంట్లో పెరిగే పిల్లోడు చెప్పే కతలు. మా అమ్మకి చదివి వినిపించా. ఆమె పెద్దగా చదువుకోలేదు, కానీ మధ్యమధ్యలో ఆపి "ఇది మన పక్కింటోళ్ల మాటే గదరా" అంటా నవ్వింది. లేమి ఉన్న ఇంట్లో నవ్వు కూడా ఉంటుంది. ఆ నవ్వుని వదిలేసి రాస్తే అది సగం కథే.

కొత్తపట్నం కోడలు (ఒంగోలు):
తమ్ముడూ, సగం కథ అన్నావే, దానికి నేను ఒప్పుకోను. శివయ్య తరిమివేతలో నవ్వు ఎక్కడ పెడతాం? అయినా ఎల్లన్న పాట కట్టేటప్పుడు ఆయన మొహంలో సంతోషం నాకు కనపడింది, కాబట్టి నీ మాట తీసెయ్యలేను కూడా. 'దర్గామిట్ట కతలు' ఎప్పుడో తెచ్చుకోవాల్సింది, ఈ నెలే తెప్పిస్తాను. పెన్నగట్టు అన్నా, ఆదివారం మా ఆయనతో కూర్చుని సినిమా చూస్తాం. వెంకయ్యది తప్పా కాదా అని మా ఇంట్లో గొడవ ఖాయం, చూశాక వచ్చి రాస్తాను. ఒంగోలులో ఎవరికన్నా 'అంటరాని వసంతం' కావాలంటే నా కాపీ ఇస్తాను. ఇప్పుడు మా చెల్లెలు చదువుతోంది, తన తర్వాత మీదే.