వియత్నాం ఓనరమ్మకు థాంక్స్ ఎట్ల చెప్పాలె? వరుస సమజైతలేదు

హన్మకొండ అమ్మ:
మా బిడ్డ వియత్నాంల కాన్ థో టౌన్ల ఎంబీబీఎస్ సదువుతున్నది. పోయిన నెల జరమొచ్చి నాలుగు రోజులు లేవలే. కింద ఇంట్ల ఉండే ఓనరమ్మ పొద్దుమాపు బియ్యం గంజిల కోడి ముక్కలేసి తెచ్చి తినబెట్టిందట. ఆమెకు 62 ఏండ్లు, నాకు 44. ఆదివారం వీడియో కాల్ల మాట్లాడిపిస్త అన్నది బిడ్డ. మనోళ్లయితే "నీ కడుపు సల్లగుండ" అంటం, అయిపాయె. ఫోన్ల చూస్తే "కామ్ అన్" అని వచ్చింది. గది ఒట్టిగ అంటే బాగుండదమ్మా, వరుస కలపాలె అని చెప్పి బిడ్డ పరీక్షలకు పోయింది. ఏ వరుస కలపాలె?

ములుగు పిలగాడు:
ఆంటీ, నేను గీడ కాన్ థోలనే మూడో ఏడు. వరుస లేకుంట "కామ్ అన్" అంటే దుకాణంల చిల్లర తీసుకొని పోయినట్టుంటది. "అన్" అంటే చేసిన మేలు, "కామ్" అంటే అది మనసుకు తాకుడు. మేమైతే "యా, కోన్ కామ్ అన్ బా" అంటం. "యా" అనేది పెద్దల ముందట "ఆఁ అమ్మా" అన్నట్టు. రాసేది "డ"తోటే గని దక్షిణాన "య" అనే పలుకుతరు. "కోన్" అంటే బిడ్డ, అంటే నేనే. "బా" అంటే అవ్వ. మీరు "కోన్" ఇడిసిపెట్టి, పిల్లల తరఫున "యా, కామ్ అన్ బా" అనుండ్రి. "బా" గొంతు కిందికి దించుకుంట అనాలె, అది మాత్రం యాదుంచుకోండ్రి.

ఏనుమాముల మిర్చి:
తమ్మీ, 44 ఏండ్లామె 62 ఏండ్లామెను అవ్వ అనుడేంది? నేను మిర్చి పని మీద హనోయ్ రెండుసార్లు పోయిన. అక్క అనాలె: "ఎమ్ కామ్ అన్ చి అ". "ఎమ్" చెల్లె, "చి" అక్క. చివర "అ" చిన్నగ, తెగ్గొట్టినట్టు అనాలె, మన "అండి" లెక్క. మన దిక్కు అండి ఎవరంటరు, అది వేరే ముచ్చట.

ములుగు పిలగాడు:
అన్నా, ఆ చివరి "అ" ఉత్తరాన హనోయ్ దిక్కుది. గీడ దక్షిణాన ముందట "యా" పెడితే సాలు. అక్క అన్నా నడుస్తది, ఆమె ఇంక సంబురపడ్తది.

హన్మకొండ అమ్మ:
మాట్లాడిన. ముందుగాల "బా" అన్న. గొంతు దించుడు మర్చిపోయి సాఫుగ అన్ననట. గట్లంటే ఆడ "నాన్న" అని అర్థమట! మా బిడ్డ పక్కకు తిరిగి నవ్వుడే నవ్వుడు. ఆమె మూతికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. మల్ల మిర్చి అన్న చెప్పినట్టు "ఎమ్ కామ్ అన్ చి" అన్న, ముందట "యా" పెట్టిన. ఆమె రెండు చేతులు ఊపుకుంట "ఖోంగ్ కో చి" అన్నది. గీ "చి" అక్క కాదట, "ఏమి" అట. మనం "గిందులేముంది" అంటం సూడు, అచ్చం గదే. నాకు ఏడుపొచ్చింది.

సంక్రాంతి ఎల్లినంక ఎవలన్న కాన్ థో పోయేటోళ్లుంటే చెప్పుండ్రి, సకినాల డబ్బా పంపాలె.

ములుగు పిలగాడు:
నేను పండుగకు ఇంటికొచ్చి జనవరి ఆఖర్ల మల్ల పోత ఆంటీ. రెండు చేతుల్తోటి ఇయ్యాలె గీడ, నేనే ఇస్త. కొన్ని సకినాలు నాకు గూడ కట్టుండ్రి.