నేపాల్ పల్లెలో హోస్ట్ ఫ్యామిలీతో దసరా, ఏమేం తెలుసుకొని పోవాలె?

ఓరుగల్లు పిల్ల:
అందరికీ హాయ్. సెప్టెంబర్ సంది మూడు నెలలు వాలంటీర్‌గ నేపాల్ పోతున్న, లమ్‌జుంగ్ జిల్లాల ఒక పల్లె, సర్కారు బడిల ఇంగ్లీష్ లెక్కలు చెప్పుడు, ఉండేది ఒక బాపనోళ్ళ ఇంట్ల. నడుమ దసరా పడ్తది, వాళ్ళు దశైన్ అంటరు, మనకన్న పెద్దగ చేస్తరంట. నేను నీసు తినను, ఇంట్ల మేకను కోస్తరని కోఆర్డినేటర్ చెప్పిండు, గప్పటి సంది అమ్మ ఒకటే గొణుగుడు, బతుకమ్మ ఇడిచిపెట్టి ఆడికెందుకే అని. టీకా అని నుదుట బొట్టు పెట్టి పైసలిస్తరంట కదా, తీస్కోవాల్నా? రోజూ తిండి ఎట్ల? పోయినోళ్ళెవరన్న చెప్పున్రి.

గోదారి గాలి:
నేను పోఖరా దగ్గర ఒకింట్లో ఉన్నానండి. లేవగానే టీ, తొమ్మిదీ పదింటికల్లా అన్నం పప్పు కూర, రాత్రికి మళ్ళీ అదే, మధ్యలో అటుకులో నూడుల్సో. ఇడ్లీ టైముకి అన్నమంటే మొదట్లో నాకు గొంతు దిగేది కాదు. గుండ్రుక్ అని ఆకుకూర పులియబెట్టి ఎండబెట్టి చారులా కాస్తారు, పుల్లగా భలే ఉంటుంది. కంచం మీద చెయ్యి అడ్డంపెట్టి పుగ్యో, చాలు అన్నా ఇంకో గరిటె పడుద్ది, అది వేరే సంగతి. ఎంగిలి పట్టింపు మాత్రం గట్టిగా ఉంటుంది, తినే చేత్తో గరిటె ముట్టుకోవద్దు, చెంబు ఎత్తిపోసుకుని తాగాలి, అడక్కుండా పొయ్యి దగ్గరకి వెళ్ళొద్దు. నెలసరిలో చాలా ఇళ్ళల్లో వంటింటికీ పూజకీ దూరంగా ఉండమంటారు, ముందే ఆ ఇంటి కోడలితో మాట్లాడుకోండి. వేరే గుడిసెలో పడుకోబెట్టే ఆచారం దూర పశ్చిమ జిల్లాలది, దాన్ని 2017లో చట్టం చేసి నేరమన్నారు కూడా.

బ్యాక్‌ప్యాక్ బాబాయ్:
సింపుల్, మేకల్ని కోసే అష్టమి నవమికి పోఖరా చెక్కేయ్, దశమికి వచ్చి టీకా పెట్టించుకో.

ఖాట్మండు కాపురం:
బాబాయ్ గారూ, ఏడో రోజు ఫూల్‌పాతీ, ఆ చుట్టుపక్కల ఊరెళ్ళే జనంతో బస్సులు కిటకిట, దశమినాడు బండ్లే పల్చగా తిరుగుతాయి, పిల్ల రోడ్డు మీద ఇరుక్కుంటుంది. దానికన్నా ఇంటివాళ్ళకి ముందే చెప్పెయ్యడం నయం. మేక బదులు బూడిద గుమ్మడికాయ కొట్టే ఇళ్ళు కూడా ఉన్నాయి, అడిగితే పోయేదేం లేదు. కోసేటప్పుడు పిల్లలతో వెదురు ఊయల దగ్గరకి పోతే ఎవరూ తప్పుపట్టరు.

మొదటి రోజు ఘటస్థాపన, ఇసకలో బార్లీ చల్లి చీకటి గదిలో పెడతారు, ఎండ తగలక పసుప్పచ్చగా మొలుస్తుంది, అదే జమరా. దశమినాడు పెరుగు, కుంకుమ, బియ్యం కలిపిన ముద్ద నుదుటి నిండా అద్ది, జమరా చెవి వెనక పెట్టి, ఆడవాళ్ళకి జయంతీ మంగళా కాళీ అని, మగవాళ్ళకి వేరే శ్లోకం చదువుతారు. ఇచ్చిన దక్షిణ కళ్ళకద్దుకుని తీసుకోండి, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. తిరిగి ఇవ్వక్కర్లేదు, పళ్ళో మిఠాయో పట్టుకెళ్తే చాలు. మీకన్నా చిన్నవాళ్ళకి మీరే టీకా పెట్టాల్సొస్తే కొత్త నోట్లు దగ్గరుంచుకోండి, మన వందకి వాళ్ళ 160. పున్నమి దాకా చుట్టాలిళ్ళు తిరుగుతూనే ఉంటారు. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయుంటే మాత్రం టీకా ఉండదు, అది ముందే కనుక్కోండి.

ఓరుగల్లు పిల్ల:
అక్కా థాంక్యూ, గుమ్మడికాయ సంగతి రేపే అడుగుత. మరి బడి ఎన్ని రోజులు బంద్?

ఖాట్మండు కాపురం:
దశైన్‌కి బంద్, తెరిచిన కొన్నాళ్ళకే తిహార్, మన దీపావళి, మళ్ళీ బంద్. కాబట్టి లెక్కల సిలబస్ సెప్టెంబర్లోనే లాగెయ్యండి. తిహార్ రెండో రోజు కుక్కలకి దండలేసి బొట్టు పెడతారు, వీధి కుక్కలకి కూడా. దండలు గుచ్చడం మీకే అప్పజెప్తారు, సూది దారం పట్టుకెళ్ళండి.