అందరి చేతుల్లో ఫోన్లే, కలిసి పని చేసుకునే గది ఎలా అమర్చుకోవాలి?

గోదారిగట్టు:
రాజమండ్రి దగ్గర మాదో చిన్న టీమ్, ఎనిమిది మందిమి. పగలంతా ఊళ్లు తిరిగి పొలాల ఫొటోలు, రైతులు చెప్పిన లెక్కలు సొంత ఫోన్లలోనే ఎక్కించుకుని, సాయంత్రం ఆఫీసుకొచ్చి అన్నీ కలిపి చూసుకుంటాం. ల్యాప్‌టాప్ ఒక్కటే. ఒక ఫొటో చూపించాలంటే ఫోన్ చేతులు మారుతూ పోవాలి, మధ్యలో కాల్ వస్తే అక్కడితో సరి, ఈలోగా మిగతావాళ్లు గోడ పక్కన చార్జింగ్ పెట్టుకుని ఎవరి ఫోన్‌లో వాళ్లు మునిగిపోతారు. 43 అంగుళాల టీవీ పెట్టాం కానీ కొందరి ఫోన్లకి అసలది కనపడనే కనపడదు. తీసేద్దామా?

వైరులేనివాడు:
తీసేయకండి. ఆ ఫోన్లు గెస్ట్ వైఫైలో, అంటే వచ్చిపోయేవాళ్లకని రౌటర్‌లో విడిగా పెట్టే వైఫైలో ఉన్నాయేమో చూడండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఒక పరికరానికి ఇంకోటి కనపడకుండా చాలా రౌటర్లు అడ్డుపెడతాయి. ఇంకోటి, వైరు లేకుండా ఫోన్ తెరని టీవీలో చూపించే మిరాకాస్ట్ ఐఫోన్‌లో ఉండదు, దానికి యాపిల్ వాళ్ల సొంత పద్ధతి ఎయిర్‌ప్లే ఉన్న టీవీ కావాలి. టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ వైరు కూడా అన్ని ఫోన్లకీ పనిచేయదు, కొనేముందు ఒకటి తెచ్చి పెట్టి చూడండి.

సాయంత్రం_టీ:
నన్నడిగితే సొంత ఫోన్ టీవీకి కలపడమే వద్దండీ. మా ఆఫీసులో ఒకమ్మాయి ఫొటోలు చూపిస్తుంటే లోన్ వాయిదా కట్టలేదని మెసేజ్ తెరమీదికి జారింది. చటుక్కున ఫోన్ బోర్లించింది కానీ టీవీలో అది అలాగే ఉంది, అందరూ చదివేశారు. ఆ తర్వాత నెలరోజులు ఆ పిల్ల ఏదీ చూపించలేదు. ఇప్పుడు అందరం ఒకే షేర్డ్ ఆల్బమ్‌లో ఫొటోలు వేస్తాం, ఆఫీసు ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపి అందులోంచి తెరుస్తాం. ఎక్కించడానికి ఆఫీసు వైఫై వాడనివ్వండి, వాళ్ల డేటా ఎందుకు ఖర్చవ్వాలి?

పాతపుస్తకం:
పై మాటకి నా ఓటు. 1991లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల పార్క్ (PARC)లో పనిచేసే కంప్యూటర్ శాస్త్రవేత్త మార్క్ వైజర్ రాసిన వ్యాసంలో ఒకే గదిలో మూడు సైజుల కంప్యూటర్లు, అంగుళమంత ట్యాబ్‌లు, అడుగంత ప్యాడ్‌లు, గజమంత బోర్డులు ఉంటాయి. ప్యాడ్‌లు ఎవరి సొంతమూ కావు, చిత్తుకాగితాల్లాగా ఎవరికి కావలిస్తే వాళ్లు తీసుకోవడమే. మీరూ ఒక పాత ట్యాబ్లెట్ ఎవరి అకౌంటూ లేకుండా టేబుల్ మీద పడేసి ఉంచండి. ప్లగ్ బోర్డు కూడా టేబుల్ మధ్యకి తెండి, చార్జర్ ఎక్కడుంటే మనుషులు అక్కడే కూర్చుంటారు.

గోదారిగట్టు:
గెస్ట్ వైఫైయే! టీవీ కనపడనివాళ్లందరికీ ఆ పాస్‌వర్డ్ ఒక్కటే ఇచ్చాం. ఆల్బమ్ ఇవాళే మొదలుపెట్టాం. ప్లగ్ బోర్డుకి ఎలక్ట్రీషియన్‌ని రేపు రమ్మన్నాను, వైరు కాళ్లకి తగలకుండా టేబుల్ కిందినుంచి తీసుకెళ్లాలి.