వేడెక్కాక మూడో గేరు జారుతోంది: గేరుబాక్సు విప్పక ముందు ఏమేమి చూడాలి?

ప్రశ్న

నా కారుది టార్క్ కన్వర్టర్ (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించే భాగం) ఉన్న ఆరు గేర్ల ఆటోమేటిక్. ఇప్పటికి 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా రెండో గేరు నుంచి మూడో గేరుకు మారే క్షణంలో ఇంజను వేగం నిమిషానికి 2,000 చుట్ల నుంచి 2,800 దాకా ఎగిసి, ఆ తరువాత గేరు దబ్బున పడుతోంది. బండి తీసిన మొదటి పది నిమిషాలు ఏ ఇబ్బందీ లేదు, బాగా వేడెక్కాకే ఇది మొదలవుతుంది. చెక్ ఇంజను దీపం వెలిగితే చిన్న స్కానర్ పెట్టించాను, పి0700 అని చూపింది. ఆ అంకె చూడగానే మెకానిక్ గేరుబాక్సు దించి మొత్తం విప్పాల్సిందేనన్నారు. అంత పని పెట్టుకునే ముందు నిర్ధారణకు పనికొచ్చే పరీక్షలేమైనా ఉంటే తెలియజేయగలరు.

మొదటి సమాధానం

పి0700 చూసి గేరుబాక్సు దించమనడం తొందరపాటు. గేరుబాక్సు కంప్యూటరు తన దగ్గర ఏదో లోపం నమోదు చేసుకుని, దీపం వెలిగించమని ఇంజను కంప్యూటరును కోరిందని మాత్రమే దాని అర్థం. అసలు కోడ్ గేరుబాక్సు కంప్యూటరులో ఉంటుంది కనుక దానిని చదవగల స్కానర్‌తో మళ్ళీ చూపించండి. పి0733 వస్తే మూడో గేరు నిష్పత్తి తప్పుతోందని అర్థం, అంటే లోపలికి వెళ్ళే షాఫ్టు వేగానికీ బయటికి వచ్చే షాఫ్టు వేగానికీ ఉండవలసిన లెక్క కుదరడం లేదన్నమాట. పి0750 వరుసలోవి వస్తే సొలినాయిడ్ల (ఆయిల్ దారులను తెరిచి మూసే విద్యుత్ వాల్వుల) వైపు చూడాలి. పి0715 అయితే వేగం కొలిచే సెన్సారునో దాని వైరింగునో ముందు అనుమానించాలి. ఏ కోడ్ కూడా పాడైన భాగం పేరు చెప్పదు, వెతకవలసిన చోటు మాత్రం చూపుతుంది.

ఆ తరువాత గేరుబాక్సు ఆయిల్. ఇంజను నడుస్తుండగా, తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతలో మట్టం చూడాలి. డిప్‌స్టిక్ లేని పెట్టెలకు పక్కనో అడుగునో మట్టం చూసే బిరడా ఉంటుంది. ఒక చుక్కను తెల్ల కాగితం మీద వేసి చూడండి. నల్లబడి మాడు వాసన వస్తే లోపల గేర్లను పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు, పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటరు నీళ్ళు కలుస్తున్నట్టు.

రెండో సమాధానం

పై సమాధానానికి ఒక మాట కలుపుతాను. ఆయిల్ తగ్గితే ఆ ఇబ్బంది సాధారణంగా చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ, ఎందుకంటే వేడికి ఆయిల్ వ్యాకోచించి మట్టం పెరుగుతుంది. మీకు జరుగుతున్నది దీనికి తలకిందులు. వేడికి పలచబడిన ఆయిల్ అరిగిన వాల్వు చుట్టూనో, గట్టిపడిన సీలు పక్కనుంచో కారిపోయి, క్లచ్‌కు చాలినంత ఒత్తిడి అందడం లేదని నా అనుమానం.

చాలా ఆరు గేర్ల పెట్టెల్లో మూడో గేరుకూ, ఐదో గేరుకూ, రివర్సుకూ ఒకే క్లచ్ పనిచేస్తుంది. కాబట్టి బండి బాగా వేడెక్కాక చదునైన చోట ఆపి, బ్రేకు నొక్కి పట్టుకుని, న్యూట్రల్ నుంచి రివర్సులో వేసి, ఎంతసేపటికి పట్టుకుంటుందో లెక్కపెట్టండి. డ్రైవులో వెంటనే పట్టుకుని రివర్సులో ఆలస్యమైతే అనుమానం ఆ ఒక్క క్లచ్ మీదికీ, దానికి ఆయిల్ అందించే దారి మీదికీ చేరుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కోడ్ పి0733 అనే వచ్చింది. ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది, రంగు గోధుమకు తిరిగింది గాని మాడు వాసన లేదు. వేడి మీద డ్రైవు వెంటనే పడుతోంది, రివర్సు మాత్రం సుమారు రెండు సెకన్ల తరువాత కుదుపుతో పడుతోంది. ఇప్పుడు దించక తప్పదా? లేక సర్దుబాటు విలువలను (గేర్లు మార్చడానికి కంప్యూటరు తానే నేర్చుకుని దాచుకున్న లెక్కలను) చెరిపేసి చూడమంటారా?

మూడో సమాధానం

ఆ విలువలను ఇప్పుడే చెరపకండి. ఆ క్లచ్ నిండడానికి కంప్యూటరు ఎంత అదనపు సమయం ఇస్తూ వచ్చిందో అవే చెబుతాయి. ముందు వాటిని రాసిపెట్టుకోండి.

తరువాత గేరుబాక్సు అడుగు పళ్ళెం విప్పించి, లోహపు పొడిని పట్టుకునే దాని అయస్కాంతం చూడండి. దానికి మెత్తని బూడిదరంగు ముద్ద అంటుకుని ఉండడం సహజమే, కాని లోహపు పొరలు గాని, క్లచ్ పూత పెచ్చులు గాని కనిపిస్తే గేరుబాక్సు దించవలసిందే. అవేవీ లేకపోతే వాల్వు బాడీని (ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో నియంత్రించే వాల్వుల దిమ్మను) తీయించండి. చాలా బండ్లలో గేరుబాక్సు దించకుండానే అది ఊడి వస్తుంది. అప్పుడు బయటపడే ఆ క్లచ్ ఆయిల్ రంధ్రంలోకి తక్కువ ఒత్తిడితో గాలి పంపిస్తే తేడా చెవికే తెలుస్తుంది. పిస్టన్ టక్కున కదిలి గాలి నిలిచిందంటే లోపలి సీలు బాగానే ఉన్నట్టు, లోపాన్ని వాల్వు బాడీలోనో సొలినాయిడ్‌లోనో వెతకాలి. ఆగకుండా బుస్సుమని గాలి పోతుంటే సీలు పోయినట్టే, అప్పుడు మీ మెకానిక్ అన్న మాటే ఖాయం.

ఈలోగా బ్రేకు నొక్కిపట్టి పూర్తి యాక్సిలరేటరు ఇచ్చే స్టాల్ పరీక్ష మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. ఇప్పటికే జారుతున్న రివర్సులో ఆ పరీక్ష చేస్తే, మిగిలి ఉన్న ప్లేట్లు కూడా కొన్ని సెకన్లలో కాలిపోవచ్చు.